పెద్దమ్మను పండుకోబెట్టే రోజు

కార్తీకం, ఆఖరి బుధవారం

పెద్దమ్మ చప్పుడు: మామూలు. వదిలే గాలి: వేడి, నిలకడ.

ఈ రెండు ముక్కలు రాసి కలం మూసెయ్యాలి. భూమి కింది మా ఊరి వేడిని పీల్చి బయటికి వదిలే మిషను పెద్దమ్మ. ఆమె దినచర్య రాసే పని నాకు అప్పగించిన రోజున మా ఊరి పెద్ద వన్నూరప్ప గట్టిగా చెప్పాడు. "మిషను సంగతి రాయి కదిరమ్మా. మీ ఇంటి రామాయణం రాయొద్దు." సరేనని తలూపాను. కానీ పొద్దస్తమానం ఈ మిషను పక్కన కూర్చుంటే, దాని హోరులో పక్కమనిషి మాట కూడా వినబడదు. మాట్లాడకుండా ఉండే అలవాటు నాకు పుట్టుకతో లేదు. అందుకే రాస్తాను. చదివి తిట్టుకునేవాళ్ళు తిట్టుకోవచ్చు.

ఈ రోజు సంగతి రాయకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది. పొద్దున్నే మెట్లెక్కి పైమూతకు అరచెయ్యి ఆనించాను. కాలలేదు. మాఘంలో ఆ ఇనపమూత వేసుకుని ఊరంతా భూమిలోకి దిగింది మొదలు, దాన్ని ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కోకుండా ఉండటం ఇదే మొదటిసారి. కిందికొచ్చి పక్కింటి మారెక్క చెవిలో అరిచానో లేదో, కాసేపటికల్లా మా దిగువూరు సగం మెట్ల మీద వరస కట్టింది. ముసలివాళ్ళు చెయ్యి ఆనించి దండం పెట్టుకున్నారు. పిల్లలు చెంపలు ఆనించి చూశారు. షమీమ్ డాక్టరమ్మ కూడా వచ్చింది. ఎవరూ చూడటం లేదనుకుని రెండు అరచేతులూ ఆనించి కళ్ళు మూసుకుంది.

మారెక్క అప్పుడే రాగిసంగటి మాట ఎత్తింది. వేసవిలో మేము చల్లారిన తిండే తింటాం. పొయ్యి సెగ లోపల తిరిగితే పెద్దమ్మకు బరువవుతుంది. "ఈ తూరి నోరు కాలినా సరే, పొగలొస్తాండంగానే తినల్ల" అంది. ఆమె కంటికి అప్పుడే ముద్ద కనబడుతున్నట్టుంది.

నాకు ముద్ద మీద ధ్యాస లేదు. చలి వస్తే మా ఆయన ఇంటికి వస్తాడు.

మా ఆయన హనుమంతరాయుడు పైమనిషి. పైవాళ్ళంటే ఎండసూది వేయించుకుని వేసవంతా మూత పైన ఉండేవాళ్ళు. పలకల మీద పడే ఇసుకను వాళ్ళు ఊడవాలి. ఇసుక కప్పేస్తే పలకలకు ఎండ తగలదు, పెద్దమ్మకు కరెంటు రాదు, కింద మేమంతా ఉడికిపోతాం. ఆ సూది పడ్డ ఒంటికి బండలు పగిలే ఎండ కూడా మామూలుగానే ఉంటుంది. కానీ మా కిందిచల్లదనం ఆ ఒంటికి సరిపడదు. అందుకే పైవాళ్ళ పెళ్ళాలందరిదీ ఒకటే సంసారం. రెండు నెలలు పక్కన, పది నెలలు గొట్టంలో. మెట్ల దగ్గరి మాటగొట్టానికి నోరు ఆనించి, పెద్దమ్మ హోరును మించి అరిచి మొగుడితో మాట్లాడుకోవాలి. వెనక వరసలో పదిమంది వింటుంటారు. ఏం తిన్నావు, ఎట్లున్నావు, అంతకు మించి ఏం అడుగుతాం. మారెక్క పెళ్ళయిన కొత్తలో ఉండబట్టలేక ఒక మాట అరిచిందట. ఆ మాటతో ఆమెను ఇప్పటికీ ఏడిపిస్తారు.

ఆరు వేసవులు చేశాక పైపని మానెయ్యవచ్చు. మా ఆయనకు ఇది పదకొండోది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. మనిషి ఆకాశం రుచి మరిగాడు. కింద ఊపిరాడదంటాడు. నా పక్కన ఊపిరాడదా నీకు అని ప్రతి ఏడూ పోట్లాడతాను. మాఘం వచ్చేసరికి చీపురు భుజాన వేసుకుని మళ్ళీ ఎక్కుతాడు. ఆ కోపం పది నెలలు దాచుకుంటాను, మూత చల్లబడిన రోజున ఎటు పోతుందో పోతుంది.

మార్గశిరం, మొదటి సోమవారం

పెద్దమ్మ చప్పుడు: మామూలు. వదిలే గాలి: వేడి.

పైవాళ్ళకు చలువసూదులు మొదలయ్యాయి. ఎండసూది పనిని ఈ సూది మెల్లగా విరిచేస్తుంది. మూడు వేస్తే ఒళ్ళు మళ్ళీ మనుషుల ఒళ్ళవుతుందని మేము నవ్వుకుంటాం. షమీమ్ పొద్దున్నే పైకెళ్ళి అందరికీ మొదటిది వేసి వచ్చింది.

గొట్టం దగ్గర నా వంతు వచ్చినప్పుడు, సూది పడిందా, ఎట్లుంది అని అరిచాను. మామూలే అని అరిచాడు. గొంతు కొంచెం బరువుగా అనిపించింది. వేసవి చివర ఇసుక తిని తిని పైవాళ్ళ గొంతులన్నీ అట్లాగే అవుతాయి కదా అనుకున్నాను.

వన్నూరప్ప పెద్దమ్మను పండుకోబెట్టే రోజు లెక్క చూస్తున్నాడు. చలి నిలబడ్డాక పెద్దమ్మను ఆపేసి, రెక్కలు ఊడదీసి, ఇసుక కడిగి, గ్రీజు పెట్టి, అరిగిన బేరింగులు మార్చాలి. పలకలన్నీ దించి గీతలు పడ్డ అద్దాలు తీసెయ్యాలి. ఆ పని చెయ్యకుండా వదిలేస్తే వచ్చే వేసవి నడుమ ఆమె నిలిచిపోతుంది. నాలుగొందల మంది భూమిలో ఉండగా ఆమె నిలిచిపోవడం అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ పండుకోబెట్టే రోజు మాకు పండగ. పది నెలల హోరు ఆగుతుంది. ఆగిన క్షణాన అందరం నోళ్ళు తెరుచుకుని నిలబడిపోతాం, మన ఊపిరి మనకు వినబడుతుంది. అందరికంటే ఎక్కువ వేసవులు చేసిన పైమనిషి పెళ్ళాం ఆ రోజు మీట గుంజుతుంది. మొగుడిని పంపి ఊరిని బతికించింది కాబట్టి ఆ గౌరవం ఆమెది. నాలుగేళ్ళుగా ఆ చెయ్యి నాది. తన మొగుడూ పైమనిషే అయిన వన్నూరప్ప చెల్లెలికి దీనిమీద లోపల ఎంత మంటో నాకు తెలుసు. కనబడితే కావాలనే చెయ్యి విదిలించి చూపిస్తాను.

మార్గశిరం, రెండో శుక్రవారం

పెద్దమ్మ చప్పుడు: రాయలేదు. ఈ పూట నేను అక్కడ లేను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మూడో సూది కూడా పడింది. ఈ రోజు పైవాళ్ళు దిగే రోజు. మూత తీశారు. ఒక్కొక్క మొగవాడూ పైమెట్టు మీద నిలబడితే, పెళ్ళాం కొత్తకుండ నీళ్ళు తల మీద పోసి, ఎండను కడిగి ఇంటికి తీసుకుపోవాలి. మా ఆనవాయితీ ఇది. ఎవరి కుండ ఎంత చల్లగా ఉంటే వాళ్ళ ప్రేమ అంత అని ఆడవాళ్ళం పందెం వేసుకుంటాం. నా కుండను రాత్రంతా పెద్దమ్మ చల్లగాలి బయటికొచ్చే చోట పెట్టాను. అక్కడ పెట్టుకునే వీలు ఊళ్ళో నాకొక్కదానికే ఉంది. కుండ ఎత్తితే వేళ్ళు తిమ్మిరెక్కాయి. నాకు భలే సంబరం వేసింది.

ఆయన మెట్టు మీదికి వచ్చాడు. నల్లగా, బక్కగా, కళ్ళు మాత్రం నవ్వుతూ. భుజాల మీద రెండు కంబళ్ళున్నాయి. మిగతావాళ్ళెవరికీ లేవు. అది నేను చూశాను, చూసి కూడా ఏమీ అనుకోలేదు. కంబళ్ళు తీసి పక్కన పెట్టి, తల వంచాడు. కుండెడు నీళ్ళు ఒక్కసారిగా పోశాను.

ఆయన మోకాళ్ళ మీద కూలిపోయాడు. మొదట అందరూ నవ్వారు. మనిషి వేళాకోళం మనిషి, వేషం వేస్తున్నాడనుకున్నారు. నేనూ నవ్వాను. పెదాలు నీలం తిరిగేదాకా నవ్వుతూనే ఉన్నాను.

మారెక్క మొగుడు ఎత్తుకున్నాడు. షమీమ్ వచ్చి గుండె మీద చెవి పెట్టి, వేడి ఎక్కడుంటే అక్కడికి తీసుకుపోండి అని అరిచింది. దిగువూరులో వేడి ఉన్న చోటు ఒక్కటే. పెద్దమ్మ మా దగ్గర పీల్చిన వేడిని బయటికి వదిలే గది, ఊర్పుగది. పొట్టి గది, రాతిగోడలు, ముక్కు మాడిపోయే గాలి. అక్కడ పడుకోబెట్టాక కాసేపటికి పెదాలకు రంగు వచ్చింది. కళ్ళు తెరిచి నన్ను చూసి, నీళ్ళు బాగా చల్లగుండాయి అన్నాడు.

మార్గశిరం, రెండో ఆదివారం

పెద్దమ్మ చప్పుడు: మామూలు. వదిలే గాలి: వేడి. దేవుడా, అట్లాగే ఉండనీ.

షమీమ్ రెండు రోజులు చూసి చెప్పింది. ఎండసూది ఆయన ఒంట్లో పదకొండేళ్ళలో పాతుకుపోయింది. చలువసూదులు మూడూ ఆయనకు నీళ్ళతో సమానమయ్యాయి. మాకు హాయిగా ఉండే చల్లదనంలో ఆయన ఒళ్ళు నిద్రకు జారుతుంది, గుండె నిదానిస్తుంది. ఇంకా చల్లబడితే నిదానిస్తూ నిదానిస్తూ ఆగిపోతుంది. నొప్పేమీ ఉండదట. నన్ను ఓదార్చాలని ఆ మాట చెప్పింది.

ఇంకో సూది వెయ్యమన్నాను. నాలుగోది వేస్తే గుండె ఇప్పుడే ఆగవచ్చంది. వేరే మందు లేదా అన్నాను. "కదిరమ్మక్కా, ఉంటే దాచుకుంటానా?" అంది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి ఊరుకున్నాను. దక్షిణాన ఇంకా వేడి ఉన్న చోట్లున్నాయని విన్నాను. కానీ బండ్లు వెళ్ళేది చలి ముదిరాకే, దారిలో రాత్రులన్నీ ఇసుక మీదే. ఆయన మొదటి రాత్రి దాటడు.

మగతలో లేనప్పుడు ఆయన్నే అడిగాను. పైన పది రోజులుగా వణుకుతూ, రెండు కంబళ్ళు కప్పుకుని, మామూలే మామూలే అని గొట్టంలో ఎందుకు అరిచావు అని.

"చెప్పింటే నన్ను దిగనిచ్చేవాళ్ళేనా?" అన్నాడు. "పది నెలలు అయిందే నిన్ను చూసి."

ఆ మాట విని ఆయన చెంప మీద కొట్టాను. మెల్లగానే కొట్టాను. తరువాత అదే చెంప పట్టుకుని ఏడ్చాను. ప్రతి ఏడూ పైకే పోతానని పోట్లాడే మనిషి, తీరా ప్రాణం మీదికి వచ్చినప్పుడు కిందికి రావడానికి అబద్ధం ఆడాడు. ఇట్లాంటివాడిని ఏమనాలి. ఊర్పుగదిలో నా చెమటకు చీర ముద్దయింది. ఆయనకు మాత్రం గుంతలు పడ్డ కళ్ళలో కాస్త హాయి కనబడింది.

మార్గశిరం, మూడో బుధవారం

పెద్దమ్మ చప్పుడు: మామూలు.

"మామూలు" అని రాశాను. మామూలు కాదు. పెద్దమ్మ గొంతులో మొన్న సోమవారం నుంచి ఒక గరగర మొదలైంది. బేరింగు అరుగుతోంది. వన్నూరప్ప రాతను చూసి పుస్తకం మూసి నా చేతికిచ్చాడు. ఆయనకూ చెవులున్నాయి.

ఊళ్ళో వాళ్ళకు చలి వచ్చేసింది. మూత తీసే ఉంటోంది. పొద్దున్నే మెట్ల మీద నుంచి దిగే గాలికి జనం వరండాలలో చాపలు పరుచుకుని కూర్చుంటున్నారు. పెద్దమ్మ అవసరం ఎవరికీ లేదు, మా ఆయనకు తప్ప. నాలుగొందల మంది చెవులు చిల్లులు పడే హోరును ఒక్క మనిషి కోసం భరిస్తున్నారు. పండగ ఎప్పుడని ఎవరూ నన్ను అడగలేదు. అడిగి ఉంటే పోట్లాడేదాన్ని, అది నాకు తేలిక.

వన్నూరప్ప దగ్గరికి నేనే వెళ్ళాను. ఇంకొన్నాళ్ళు ఆపవద్దని అడిగాను. ఒక వారం ఇచ్చాడు. అడిగిన వెంటనే ఇచ్చాడు, దానితో నాకు ఇంకా భయం వేసింది.

ఈ వారంలో చెయ్యగలిగినవన్నీ చేసి చూస్తున్నాం. మధ్యాహ్నం మా ఆయన్ను పైకి మోసుకెళ్ళి ఎండలో ఇసుక మీద పడుకోబెడుతున్నాం. పైకి రాగానే ఆకాశం వంక చూస్తాడు, ఆ కాసేపూ మనిషి మళ్ళీ మనిషిలా ఉంటాడు. ఆ ఎండ కూడా రోజురోజుకూ పలచబడుతోంది. మూత పైన, అద్దాలతో ఎండను పట్టే ఎండపొయ్యిల మీద రాళ్ళు వేడిచేసి గుడ్డల్లో చుట్టి చుట్టూ పేర్చాం. పొద్దు గూకగానే పెట్టిన రాళ్ళు అర్ధరాత్రికే చల్లారాయి. షమీమ్ తన వైద్యశాల బ్యాటరీకి చిన్న కరెంటు పొయ్యి తగిలించింది. సగం రాత్రి వెలిగింది. పసిపిల్లల మందుల పెట్టె చల్లగా ఉండాలన్నా అదే బ్యాటరీ కావాలి. నేనే తీసుకుపొమ్మన్నాను. రాత్రిళ్ళు పెద్దమ్మ పగలు తన బరువుచక్రానికి పట్టిన ఊపుతోనే తిరుగుతుంది, ఆమెను ఆపితే అదీ ఆగుతుంది. ఊరి పెద్ద బ్యాటరీలు ఈ వేసవిలోనే చచ్చిపోయాయి, సముద్రం వైపు నుంచి కొత్తవి పుష్యం ఆఖరుకు గానీ రావు.

కట్టెలు ఉంటే ఈ బాధ ఉండేది కాదని మారెక్క అంది. కట్టెలు ఉండాలంటే చెట్లు ఉండాలి. ఇంట్లో పాత తలుపు ఒకటి ఉంటే విరగ్గొట్టి తెచ్చింది. దాన్ని కాల్చాం. చాలా బాగా మండింది, రెండు గంటలు.

మార్గశిరం, ఆఖరి సోమవారం

పెద్దమ్మ చప్పుడు: గరగర. కొట్టుకుంటోంది.

వన్నూరప్ప నన్ను మిషను వెనక్కి పిలిచాడు. చెయ్యి పట్టుకుని ఇనపతొట్టి మీద పెట్టాడు. కింద ఏదో పళ్ళు నూరుతున్నట్టు నా అరచేతిలోకి వణుకు వచ్చింది. "నీ చెవులు నాకంటే మంచివి కదిరమ్మా. ఇంకెన్నాళ్ళు తోలమంటావో నువ్వే చెప్పు. నువ్వు చెప్పినట్టే చేస్తా" అన్నాడు.

ఆ మనిషి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మీట వన్నూరప్ప చేతిలో ఉంటే ఆయన కాళ్ళు పట్టుకునేదాన్ని, గొంతు పట్టుకునేదాన్ని. నా చేతిలో పెట్టి పక్కకు తప్పుకున్నాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. ఇక్కడ కోపగించుకునేవాళ్ళు కూడా లేరు. బేరింగు విరిగి లోపలి ఇరుసును తింటే, ఆ ఇరుసు మళ్ళీ పోతపోసే చోటు భూమ్మీద ఎక్కడుందో మాకు తెలియదు. ఇరుసు లేకపోతే మాఘంలో మూత వేసుకుని దిగడానికి మాకు ఊరు లేదు.

ఊర్పుగదికి వెళ్ళి, నేను గుంజను అని మా ఆయనతో చెప్పాను. ఎవరు ఏమైనా అనుకోనీ, నా చెయ్యి ఆ మీట మీద పడదన్నాను.

కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమోనని భుజం కదిలించాను.

"నువ్వు గుంజకుంటే ఇంగొకరు గుంజల్ల" అన్నాడు. "వాళ్ళకెందుకే ఆ బాధ. జన్మంతా మోయల్ల. నువ్వైతే నన్ను తిట్టుకుంటా మోస్తావు."

నేను ఏడుస్తుంటే మళ్ళీ అన్నాడు. "పదకొండేండ్లు పెద్దమ్మ కోసమే గదా ఊడ్చింది. నా కోసం ఆమె పాడైపోతే నేను ఊడ్చిందంతా ఏమైనట్టు?"

కంబళి లాగి ఆయన కాళ్ళకు చుట్టాను. పెళ్ళయినప్పటి నుంచి చివరి మాట నాదే, ఈ రోజు తప్ప.

పుష్యం, మొదటి గురువారం

పెద్దమ్మ చప్పుడు: పొద్దున గరగర. తరువాత లేదు.

గుంజాను.

ఊరంతా వచ్చింది. కొత్తబట్టలు ఎవరూ కట్టుకోలేదు, పిల్లల్ని కూడా మామూలు బట్టల్లోనే తెచ్చారు. మారెక్క నా నడుము పట్టుకుని నిలబడింది. మీట ఇనుము చల్లగా ఉంది. గుంజగానే పెద్దమ్మ నాలుగైదు సార్లు దగ్గినట్టు కొట్టుకుని, రెక్కలు మెల్లగా తిరిగి, ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం ఎప్పటిలాగానే వచ్చి నెత్తి మీద కూర్చుంది. ప్రతి ఏడూ జనం కేకలు వేస్తారు, ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకుంటారు. ఈ ఏడు ఎవరూ నోరు తెరవలేదు. ఎక్కడో ఒక పసిబిడ్డ, పుట్టాక మొదటిసారి తన ఏడుపు తనకే వినబడి, ఠక్కున ఆగింది. అందరూ నా ముఖం వంక చూడకుండా చూస్తున్నారు. నేను అక్కడి నుంచి ఊర్పుగదికి పరిగెత్తాను.

గాలి ఆగింది కానీ గోడలు వేడిగానే ఉన్నాయి. పది నెలల వేడి తాగిన రాళ్ళవి. వాటికి వీపు ఆనించి ఆయన్ను కూర్చోబెట్టాను. ఇప్పుడు గొట్టం వద్దులే, గుసగుసగా మాట్లాడు అన్నాడు. ఇద్దరమూ ఇన్నాళ్ళూ అరిచి అరిచి, మెల్లగా మాట్లాడటం మరిచిపోయాం. కొంచెం సిగ్గేసింది కూడా. వెనక వరసలో ఎవరూ లేరని నేను అంటే, ఆయన నవ్వాడు. గొట్టంలో అడగలేకపోయినవన్నీ అడిగాడు. అవి ఇక్కడ రాయను.

మధ్యాహ్నం నుంచి రాళ్ళు రావడం మొదలైంది. నేను ఎవరినీ అడగలేదు. ఎండపొయ్యిలన్నింటినీ వంటకు బదులు రాళ్ళకు పెట్టారు. ఊళ్ళో ఎవరూ వేడిగా తినలేదు. మారెక్క కూడా. నిన్నటి చల్లారిన ముద్ద తిని, తన పొయ్యి మీది రాయి తెచ్చి పెట్టింది. వన్నూరప్ప చెల్లెలు రెండు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయింది.

పుష్యం, మొదటి ఆదివారం

పెద్దమ్మ విడిభాగాలుగా ఉంది. రెక్కలు కడిగారు. బేరింగు తీసి చూపించారు, ఇంకో రెండు రోజులు తోలి ఉంటే విరిగేదట. వన్నూరప్ప ఆ మాట నాకు చెప్పించాడు. నా మనసు తేలికపడుతుందని చెప్పించి ఉంటాడు.

రాళ్ళు సరిపోవడం లేదు. రాత్రి చలి ముదిరింది. గది తలుపుకు కంబళ్ళు కట్టాం, చీలికల్లో బట్టలు కుక్కాం. వన్నూరప్ప రెండు పలకలు దించకుండా ఉంచి పొయ్యి పెట్టించాడు. అది పగలు వెలుగుతుంది. పగలు కాదు మాకు కావలసింది. మా ఆయన లేచి ఉండే సమయం తగ్గిపోయింది. పొద్దున ఒకసారి, పొద్దు వాలేటప్పుడు ఒకసారి. షమీమ్ వచ్చి నాడి పట్టుకుని, వదలకుండా చాలాసేపు కూర్చుంటుంది.

సాయంత్రం రాళ్ళు తేవడానికి పైకి వెళ్ళాను. నాలుగు రోజులుగా ఆ గదిలో చెమటలో నానుతున్నాను. మూత దాటి ఇసుక మీద కాలు పెట్టగానే గాలి వచ్చింది.

ఏం చెప్పను. పెన్న పారిన గుంత వైపు నుంచి సన్నగా, చల్లగా వచ్చి మెడ వెనక చెమట మీద తగిలింది. చేతుల మీద వెంట్రుకలు లేచాయి. వద్దనుకున్నా నా ఊపిరి దానంతట అదే లోతుగా లోపలికి పోయింది. నా ఒళ్ళంతా ఒక్కసారిగా సంతోషపడింది. పిల్లలు ఇసుక మీద దొర్లుతూ అరుస్తున్నారు. ఆ ఒక్క క్షణం నేను ఆయన్ను మరిచిపోయాను. గుర్తు రాగానే నా ఒంటి మీద నాకే అసహ్యం వేసింది. గోళ్ళతో చేతుల మీద గీరుకున్నాను. అయినా గాలి తగులుతూనే ఉంది, అయినా బాగుంది. దాన్ని నేను ఆపలేను. ఏదీ ఆపలేను.

రాళ్ళు తీసుకుని దిగాను. ఆయన మేలుకుని ఉన్నాడు. నా కొంగు దగ్గరికి తీసుకుని వాసన చూశాడు.

"పైన గాలి వచ్చిందా?" అన్నాడు.

ఆ, ఏదో వచ్చిందిలే అన్నాను.

"ఎట్లుంది?"

గాలి ఎట్లుంటుంది, గాలిలాగే ఉందని విసుక్కున్నాను. రాళ్ళు సర్దుతున్నట్టు తల తిప్పుకున్నాను.

"కదిరీ, నాతో అబద్ధమాడొద్దు. నాకింక తగలదు. నువ్వు చెప్పు."

చెప్పాను. మెడ వెనక ఎట్లా తగిలిందో చెప్పాను. వెంట్రుకలు లేచిన సంగతి చెప్పాను. పొద్దు వాలే వైపు ఇసుక ఎర్రగా ఉందని, దాని మీద చెయ్యి పెడితే లోపల ఇంకా కొంచెం వెచ్చగా, పైన చల్లగా ఉందని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని, ముద్ద కోసం పిల్లవాడు తెరిచినట్టు నోరు కొంచెం తెరిచి వింటున్నాడు. నేను ఆగితే ఇంకా అన్నాడు. పిల్లలు దొర్లుతున్నారని చెప్పాను. ఇంకా అన్నాడు. మారెక్క జుట్టు విరబోసుకుని నిలబడిందని, చానా బాగుందని, ఏండ్లలో ఇంత మంచి గాలి రాలేదని చెప్పాను.

తరువాత ఇంకా అనలేదు. నిద్రలోకి జారాడు. చెయ్యి నా చేతిలోనే ఉంది, నాడి దొరుకుతోంది. నేను ఆపకుండా చెబుతూనే ఉన్నాను. చెబుతూ గోడకు వీపు ఆనించాను. రాయి చల్లబడింది. ఆ చల్లదనం నా వీపుకు హాయిగా ఉంది. అది మాత్రం ఆయనకు చెప్పలేదు.